బోరు ఫెయిలైతే డబ్బు ఎవరిది? భూమి లోపలి వేడి అసలు కథ

ఈరోజు టాపిక్ జియోథర్మల్, అంటే భూమి లోపలి వేడి. కానీ ముందు మా అనంతపురం బోరు సంగతి చెప్పాలి.

నేను బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా పెద్దనాన్న చేనులో బోరు వేయించారు. రాత్రి రిగ్గు లారీ వచ్చింది. తెల్లారేసరికి 600 అడుగులు దిగింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రిగ్గు వాళ్లకి మాత్రం అడుగుకి ఇంత అని లెక్కకట్టి డబ్బులు ఇవ్వాల్సిందే. నీళ్లు పడ్డా పడకపోయినా బిల్లు బిల్లే కదా. ఆ అప్పు తీరడానికి ఆయనకి నాలుగేళ్లు పట్టింది.

ఈ సీన్ గుర్తుపెట్టుకోండి. జియోథర్మల్ కథ మొత్తం ఇదే. కాకపోతే 600 అడుగుల బదులు 6,000 అడుగులు, లక్షల బదులు కోట్లు.

ముందు బేసిక్స్ చూద్దాం. భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు చోట్ల కిలోమీటరుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు. అంటే రెండు కిలోమీటర్లు దిగితే 60, 70 డిగ్రీల వేడి దొరకొచ్చు. అగ్నిపర్వతాలేమీ అక్కర్లేదు. కానీ వేడి ఒక్కటే ఉంటే సరిపోదు, దాన్ని పైకి మోసుకురావడానికి నీళ్లు కావాలి. అక్కడి రాయిలో సందులుండి, నీళ్లు బాగా కదులుతుంటేనే పని అవుతుంది. అది బోరు దించేదాకా గ్యారంటీగా తెలీదు.

"70 డిగ్రీలతో కరెంటు ఏం వస్తుంది బ్రో?" అని మీరు అడగొచ్చు. కరెక్టే, చాలా తక్కువ వస్తుంది. కానీ ప్రపంచం వాడే ఎనర్జీలో దాదాపు సగం కరెంటు కాదు, వేడి. ఇళ్లు వెచ్చగా ఉంచడానికి, స్నానాల నీళ్లకి, ఫ్యాక్టరీలకి. చలి దేశాల్లో దీనికోసం గ్యాస్ తగలేస్తారు. 70 డిగ్రీల నీళ్లని పైపుల్లో అపార్ట్‌మెంట్లకి పంపిస్తే ఆ గ్యాస్ మిగులుతుంది. వేడిని కరెంటుగా మార్చే గోలే లేదు.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది ప్యారిస్. ఈఫిల్ టవర్ ఊరే! ఆ ప్రాంతం కింద 1,500 నుంచి 2,000 మీటర్ల లోతులో డాగర్ అనే సున్నపురాయి పొర ఉంది. అందులో వేడి ఉప్పునీళ్లు. 1969లో ప్యారిస్ దగ్గర మెలన్ అనే ఊళ్లో మొదలుపెట్టారు. రెండు బోర్లు వేస్తారు. ఒకదాంట్లోంచి వేడినీళ్లు పైకొస్తాయి, వేడిని మంచినీళ్ల పైపులకి అప్పజెప్తాయి, చల్లారిన ఉప్పునీళ్లు రెండో బోరులోంచి మళ్లీ అదే పొరలోకి వెళ్తాయి. పైన నేల పాడవదు, కింద ప్రెషర్ తగ్గదు.

1970లలో ఆయిల్ రేట్లు పేలిపోయాక ఫ్రాన్స్ దీన్ని సీరియస్‌గా తీసుకుంది. అప్పుడు వచ్చిన ప్రశ్న మా పెద్దనాన్న ప్రశ్నే: మొదటి బోరు ఫెయిలైతే ఎవరు కడతారు? చిన్న మున్సిపాలిటీ అంత రిస్క్ తీసుకోలేదు. బోరు పడుతుందో లేదో తెలీకుండా బ్యాంకు అప్పివ్వదు.

అందుకని 1980ల మొదట్లో వాళ్లు ఒక గ్యారంటీ ఫండ్ పెట్టారు. పంటల బీమా లాంటిది అనుకోండి. ప్రాజెక్టు వాళ్లు ప్రీమియం కడతారు, ప్రభుత్వం కూడా డబ్బు వేస్తుంది. బోరులో అనుకున్నంత వేడి, అనుకున్నన్ని నీళ్లు రాకపోతే ఖర్చులో పెద్ద భాగం ఫండ్ తిరిగిస్తుంది. తర్వాత ఏళ్లలో ఊట తగ్గినా, పైపులు పాడైనా ఇంకో గ్యారంటీ ఉంది.

అంతా సాఫీగా సాగిందా అంటే, లేదు. ఆ ఉప్పునీళ్లు ఇనుప పైపుల్ని తినేశాయి. 1986లో ఆయిల్ రేట్లు పడిపోయాయి. కొన్ని బోర్లు మూతపడ్డాయి. కానీ తుప్పుని ఎలా ఆపాలో నేర్చుకున్నారు. 2009లో పునరుత్పాదక వేడి కోసమే ఇంకో ప్రభుత్వ ఫండ్ వచ్చాక మళ్లీ కొత్త బోర్లు మొదలయ్యాయి. ఇప్పుడు ప్యారిస్ చుట్టూ రెండు లక్షలకు పైగా ఇళ్లకి సరిపడా వేడి ఇలా వస్తోంది.

ఇప్పుడు బ్రిటన్ చూడండి. వాళ్లు 2011లో రెన్యువబుల్ హీట్ ఇన్సెంటివ్ అనే స్కీమ్ పెట్టారు. గ్యాస్ బదులు పునరుత్పాదక వేడి తయారుచేస్తే యూనిట్‌కి ఇంత అని డబ్బిస్తామన్నారు. ఐడియా మంచిదే. కట్టెల బాయిలర్లకి బాగా పనిచేసింది, ఎందుకంటే బాయిలర్ కొంటే వేడి వస్తుందని ముందే తెలుసు. లోతు బోరుకి అలా కాదు. డబ్బు వేడి వచ్చాక వస్తుంది, భయం వేడి రాకముందు ఉంటుంది. లోతు జియోథర్మల్‌కి ప్రత్యేకంగా యూనిట్‌కి 5 పెన్నీలు ఇస్తామన్నా బోర్లు వరదలా రాలేదు. కార్న్‌వాల్‌లో ఈడెన్ ప్రాజెక్ట్ దగ్గర దాదాపు 5 కిలోమీటర్ల బోరు దిగింది, 2023లో గ్రీన్‌హౌస్‌లకి వేడి మొదలైంది. ఆ బోరుకి డబ్బు యూరోపియన్ యూనియన్ ఫండ్, స్థానిక కౌన్సిల్, ప్రైవేట్ ఇన్వెస్టర్లు ముందే పెట్టారు. తేడా అర్థమైంది కదా? సపోర్ట్ ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం.

మరి మన సంగతి? తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికి వచ్చాయి. సింగరేణి వాళ్లు అక్కడ 20 కిలోవాట్ల పైలట్ ప్లాంట్ పెట్టారు. 20 కిలోవాట్లంటే కొన్ని ఏసీలు నడుస్తాయి, అంతే. కానీ గమనించండి, ఆ బోరు రిస్క్ ఎప్పుడో బొగ్గు ఖాతాలో పోయింది. వేడినీళ్లు మనకి బోనస్‌గా వచ్చాయి.

2025లో కేంద్రం జాతీయ జియోథర్మల్ పాలసీ తెచ్చింది. మనకి ఇళ్లు వెచ్చబెట్టే అవసరం లేదు, కానీ మిర్చి, పసుపు ఆరబెట్టడానికి వేడి కావాలి, అదే వేడితో చల్లదనం తయారుచేసే మెషీన్లు కూడా ఉన్నాయి. అందుకే ఇలాంటి పాలసీ వచ్చినప్పుడు ఎన్ని మెగావాట్లు అని కాదు, ఫెయిలైన బోరు బిల్లు ఎవరు కడతారు అని అడగండి. జవాబు లేకపోతే బోర్లు దిగవు.

ఈ స్క్రిప్ట్ రాస్తూ పెద్దనాన్నకి ఫోన్ చేసి ప్యారిస్ ఫండ్ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అట్లాంటిది మాకుండింటే ఇంకో బోరు ధైర్యంగా ఏసిండేవాణ్ని గదరా."