పవర్ బండికి ఏ గేర్‌బాక్స్ మేలు?

అల్ రయ్యాన్ విల్లాల్లో హౌస్ డ్రైవర్లుగా ఉన్న మనవాళ్లకు జీతం ఎంతున్నా, చేతిలో తాళం మాత్రం 400 గుర్రాల బండిది. గేర్‌బాక్స్ కాలిందంటే మొదటి మాట డ్రైవర్ మీదికే వస్తుంది. కొత్త బండి కొనేముందు డ్రైవర్‌ని సలహా అడిగే అర్బాబ్‌లూ ఉన్నారు. మేము సైట్ సూపర్‌వైజర్లమే అయినా, డిప్లొమాలో గేర్లు చదివినవాళ్లం, రోజూ మెషీన్ల మధ్య తిరిగేవాళ్లం. తెలిసింది చెబుతున్నాం.

మాన్యువల్: క్లచ్ మన కాలి కింద, గేరు మన చేతిలో. క్లచ్ ప్లేటు అరిగితే ప్లేటు మార్చితే పోతుంది. ఇసుకలో పాత 4.8 లీటర్ల నిస్సాన్ పెట్రోల్ మాన్యువల్‌కి ఇప్పటికీ అభిమానులున్నారు. కానీ పవర్ పెరిగేకొద్దీ క్లచ్ గట్టిపడుతుంది. ట్రాఫిక్‌లో ఎడమకాలు నొప్పి పుడుతుంది.

మామూలు ఆటోమేటిక్: ఇందులో ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ ఉంటుంది. కుదుపును ఆ ఆయిలే మింగేస్తుంది. ఆగి ఆగి కదిలే రోడ్డుకి, ఇసుకకి, ట్రైలర్ లాగడానికి ఇదే మేలు. ఒకప్పుడు మందకొడి అనేవారు, ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2011లో డ్యూయల్ క్లచ్‌తో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5, 2017లో 600 గుర్రాల మోడల్‌కి 8 గేర్ల ఆటోమేటిక్‌కే మారింది. రేస్ పెట్రోల్‌తో 840 గుర్రాలిచ్చే 2018 డాడ్జ్ డీమన్‌లోనూ ఆటోమేటిక్కే.

డ్యూయల్ క్లచ్: రెండు క్లచ్‌లు. ఒకటి 1, 3, 5 గేర్లకి, ఇంకోటి 2, 4, 6 గేర్లకి. తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి రెప్పపాటులో మారుతుంది. 2005 బుగాటీ వేరాన్, 2007 నిస్సాన్ జీటీ-ఆర్ దీంతోనే వచ్చాయి. రేస్ ట్రాక్ మీద దీనిదే రాజ్యం. అయితే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే క్లచ్ జారి వేడెక్కుతుంది. మాల్ ర్యాంపు మీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం అసలు వద్దు.

బెల్టుతో నడిచే సీవీటీ చిన్న బండ్లకు సరే, ఇంత పవర్‌కి పనికిరాదు.

అంటే గుర్రాల లెక్క చూసి కాదు, బండి ఎక్కడ తిరుగుతుందో చూసి ఎంచుకోవాలి. పిల్లల స్కూలు, మార్కెట్, శుక్రవారం సీలైన్ ఇసుక దిబ్బలు అయితే మామూలు ఆటోమేటిక్. ట్రాక్ పిచ్చి ఉన్న కుర్రాడికి డ్యూయల్ క్లచ్. తన చేత్తో నడపాలనే సరదా ఉన్నవాడికి మాన్యువల్. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊళ్లో గేర్‌బాక్స్‌కి మొదటి శత్రువు వేడే.

డ్రైవర్ తమ్ముళ్లకు ఒక మాట. బండి పూర్తిగా ఆగకుండా 'పీ'లో వేయకండి. ఇసుకలో దిగబడితే 'డీ', 'ఆర్' మధ్య గబగబా కొట్టకండి, టైర్ల గాలి తగ్గించి ఫోర్ లో వేయండి. ఆటోమేటిక్‌లో వేడి లైటు వెలిగితే పక్కకి ఆపి, 'పీ'లో పెట్టి, ఇంజన్ నడవనివ్వండి, ఆయిల్ తిరిగి చల్లబడుతుంది. ఎండ, ఇసుకలో తిరిగే బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలో కంపెనీ పుస్తకంలో వేరే లెక్క ఉంటుంది, అది అర్బాబ్‌కి చూపించండి. లైటు వెలిగిన రోజే ఫోటో తీసి పంపండి. ఖల్లీవల్లీ అనుకుంటే రేపు అడిగేది మిమ్మల్నే. ఆ ఫోటోనే మీ సాక్ష్యం.