పతంగిని ఎగరేసేది గాలా? దారమా?

జనవరి నెల వచ్చిందంటే హైదరాబాదు నగరంలో ఒక ప్రత్యేకమైన సందడి మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనగా ఆరంభమైన నుమాయిష్ ఇప్పుడు నాంపల్లి మైదానంలో నెలన్నర పాటు సాగుతుంది. మబ్బులేని ఆకాశం, ఎండ బాధ లేని పగళ్ళు జనాన్ని ఇళ్ళలోంచి బయటికి రప్పిస్తాయి. సంక్రాంతి దగ్గర పడేసరికి ధూల్‌పేటలో తయారైన పతంగులు గల్లీ గల్లీకీ చేరుకుంటాయి. పండుగనాడు ఏ డాబా మీద చూసినా పిల్లలూ, పెద్దలూ, చరఖాలూ!

మీరూ పతంగి ఎగరేసే ఉంటారు. అయితే ఈ రెండు సంగతులు గమనించారా? తెల్లవారగానే డాబా ఎక్కితే, ఎంత పరుగెత్తినా పతంగి పైకి లేవదు. అదే పది గంటలు దాటాక చేతిలోంచి వదిలితే చాలు, తనంతట తానే లేచిపోతుంది. ఇక రెండవది. దారం తెగిన పతంగికి దారం బరువు తగ్గుతుంది కదా! మరి అది ఇంకా పైకి పోవాలి. కాని ఊగుతూ ఊగుతూ కిందికే దిగుతుంది. ఎందుకని? ముందుగా రెండవ ప్రశ్న తీసుకుందాం.

దారం చేసే పని

ప్రవహించే కాలువలో ఒక కాగితపు పడవను వదలండి. నీటితో పాటే అదీ పోతుంది. ఆ పడవను ఒడ్డునున్న పుల్లకు దారంతో కట్టండి. ఇప్పుడు నీరు దాన్ని ఒరుసుకుంటూ పోతుంది, దారం బిగుసుకుంటుంది. గాలిలో పతంగి విషయమూ ఇంతే.

దారం పట్టుకుని ఉన్నంత సేపూ పతంగి గాలికి ఎదురొడ్డి, కొద్దిగా వాలుగా నిలబడుతుంది. దాని వాలు తలానికి తగిలిన గాలి కిందివైపుకు మళ్ళుతుంది. పతంగి గాలిని కిందికి నెడితే, గాలి పతంగిని పైకి నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రం; మీరు చదువుకున్నదే. ఇలా పైకి లేపే బలాన్ని ఉత్థాపక బలం అంటారు. గాలి పతంగిని వెనక్కి కూడా తోస్తుంది. భూమి దాన్ని కిందికి లాగుతుంది. దారం మీ వైపుకు లాగుతుంది. ఈ నాలుగు బలాలూ సరితూగినప్పుడు పతంగి ఆకాశంలో ఒకచోట నిలుస్తుంది.

దారం తెగిందనుకోండి. పతంగి పడవలాగే గాలితో కలిసి కొట్టుకుపోతుంది. దాన్ని ఒరుసుకుంటూ పోయే గాలి లేనప్పుడు ఉత్థాపక బలం ఎక్కడిది? మిగిలింది బరువే. అందుకే పడిపోతుంది. అంటే పతంగిని ఎగరనీయకుండా దారం ఆపుతోందనుకోవడం పొరపాటు. దారం ఉంది కాబట్టే అది ఎగురుతోంది.

పతంగికి కట్టే సూత్రంలో ముడి ఎక్కడ వేస్తామన్నది ముఖ్యం. గాలికి పతంగి ఎంత వాలుగా నిలవాలో నిర్ణయించేది ఆ ముడే. ముడి సరిగా లేకపోతే పతంగి గిరగిరా తిరుగుతుంది, లేదా లేవనే లేవదు. మన పోటీ పతంగులకు తోక ఉండదు. దారం గుంజినప్పుడు వాటి వెదురు బద్ద వెనక్కి వంగుతుంది. పతంగి స్థిరపడి ముక్కు ఎటు ఉంటే అటు దూసుకుపోతుంది. ఢీలు వదిలితే బద్ద సాఫీ అయి, పతంగి పక్కకు తిరుగుతుంది. ఆటగాడి నేర్పంతా ఈ గుంజడంలోనూ, వదలడంలోనూ ఉంది.

పొద్దున గాలి ఎందుకు నిద్రపోతుంది?

ఇక మొదటి ప్రశ్న. హైదరాబాదులో జనవరి పగళ్ళలో ఉష్ణోగ్రత 28, 29 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఉంటుంది. తెల్లవారుజామున 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. రాత్రి మబ్బులు లేకపోవడం వల్ల నేల తన వేడిని త్వరగా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. కొంత ఎత్తున ఉన్న గాలి మాత్రం అంతగా చల్లబడదు. మామూలుగా పైకి పోయే కొద్దీ చలి పెరగాలి. ఇక్కడ అది తలకిందులవుతుంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

చల్లని గాలి బరువైనది కనుక అడుగునే పరుచుకుని కదలకుండా ఉంటుంది. పైన గాలి వీస్తున్నా ఆ వేగం కిందికి చేరదు. ఉదయం ఆరున్నరకు డాబా మీద ఒక అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ సన్నని తీగలా లేస్తుంది. పదకొండు గంటలకు మళ్ళీ చూడండి. పొగ వెంటనే చెదిరిపోతుంది. ఈలోగా సూర్యుడు నేలను వేడెక్కించాడు. వేడెక్కిన గాలి పైకి లేచింది. పైగాలి కిందికి దిగింది. రెండూ కలిసి డాబాల మీద గాలి ఆడింది. సాయంత్రం పొద్దు వాలగానే నేల మళ్ళీ చల్లబడుతుంది, గాలి మందగిస్తుంది.

గాలి వేగం రెండింతలైతే పతంగి మీద బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే గాలి కొంచెం పెరిగినా దారం చేతిని కోసేలా లాగుతుంది.

ఈ గాలి పొరల ముచ్చట తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు తోడ్పడింది కూడా పతంగులే. 1749లో స్కాట్లండులోని గ్లాస్గోలో అలెగ్జాండర్ విల్సన్ అనే ఆయన, థామస్ మెల్విల్‌తో కలిసి పతంగులకు థర్మామీటర్లు కట్టి పైకి పంపి, పైగాలి ఉష్ణోగ్రతను కనుగొన్నాడు. ఆ రోజుల్లో విమానాలు లేవు, మనుషులను మోసే బెలూన్లు కూడా లేవు!

మాంజాలో దాగిన కత్తి

మధ్యాహ్నం మీ పతంగి పైన గద్దలు రెక్కలాడించకుండా గుండ్రంగా తిరగడం చూసే ఉంటారు. అవీ మీరు వాడుకునే గాలినే వాడుకుంటున్నాయి. వేడెక్కిన నేల నుంచి లేచే గాలి వాటిని మోస్తుంది. ఇంగ్లీషులో ఈ గద్దకూ, గాలిపటానికీ పేరు ఒకటే: కైట్.

ఆ ఆకాశంలోనే మాంజా ఉంది. గాజుపొడి పట్టించిన సన్నని దారం మాంజా. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. కత్తి అంచు సన్నగా ఉంటుంది కనుక కొద్ది బలానికే కోస్తుంది. మిల్లీమీటరులో సగం కూడా మందం లేని దారమూ అంతే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే స్కూటరు ఒక్క సెకండులో 11 మీటర్లు ముందుకు పోతుంది. రోడ్డుకు అడ్డంగా వేలాడే మాంజా ఆ నడిపే మనిషి కంటికి కనబడేలోగానే మెడకు తగులుతుంది. నూలు దారమైతే తెగే అవకాశమైనా ఉంది. చైనా మాంజా అని పిలిచే నైలాను దారం సాగుతుందే కాని తెగదు. దీనివల్ల మనుషుల ప్రాణాలు పోయాయి. అది కుళ్ళదు కూడా. పండుగ అయిపోయి నెలలు గడిచినా చెట్ల కొమ్మలకు చుట్టుకుని, పక్షుల రెక్కలకు ఉరి అవుతుంది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇటువంటి కృత్రిమ మాంజాను దేశమంతటా నిషేధించింది.

ఇంకొక అపాయమూ ఉంది. లోహపు పొడి పూసిన దారంలో గాని, తడిసిన దారంలో గాని విద్యుత్తు ప్రవహించగలదు. మన ఇళ్ళలోని కరెంటు 230 వోల్టులైతే, మెట్రో రైలుకు పైన ఉండే తీగలో 25,000 వోల్టులు ఉంటుంది. తీగకు చిక్కిన పతంగిని ఎప్పుడూ లాగకండి, పోతే పోనివ్వండి.

గాజు లేకుండా పేంచ్ వేయలేమా?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక నూలు దారాన్ని రెండు మేకుల మధ్య బిగించి కట్టండి. ఇంకొక నూలు దారాన్ని దాని మీదుగా వేసి, రెండు కొసలూ పట్టుకుని రంపంలా ఇటూ అటూ లాగండి. సాధారణంగా ముందు తెగేది కదలకుండా ఉన్న దారమే! కదిలే దారానికి ఒరిపిడి పొడవునా పంచుకుపోతుంది. కదలని దారానికి అంతా ఒకేచోట తగులుతుంది. పేంచ్‌లో వేగంగా ఢీలు వదిలేవాడు గెలిచే రహస్యం ఇదే. కాబట్టి గాజు లేని నూలు దారంతోనూ పోటీ ఆడవచ్చు. అప్పుడు గెలుపు దుకాణంలో కొన్న మాంజాది కాదు, మీ చేతి నేర్పుది.

పక్షులు గూళ్ళు వదిలి ఎక్కువగా ఎగిరేది తెల్లవారుతున్నప్పుడు. తిరిగి చేరేది పొద్దుగూకే వేళ. పతంగికి గాలి చాలని వేళలు కూడా అవే. కనుక పది గంటల తర్వాత ఎగరేసి, సాయంత్రం అయిదు లోపల దించేస్తే మీకూ గాలి దొరుకుతుంది, వాటికీ దారి దొరుకుతుంది. పిట్టగోడ లేని డాబా మీదికి మాత్రం వెళ్ళకండి. దారానికి చిక్కిన పక్షి కనిపిస్తే లాగకుండా, పెద్దల సాయంతో దారాన్ని కత్తిరించి, గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖ వారికి తెలియజేయండి.

పండుగ మర్నాడు మరొక్క పని మిగిలి ఉంటుంది. మీ డాబా మీదా, వీధి చెట్ల మీదా చేతికి అందేంత మేర మిగిలిన దారాన్ని ఏరి, ఉండగా చుట్టి, కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. మీ ఆట మీరు ముగించినప్పుడే ముగిసినట్టు. దారం మిగిలితే అది పక్షులతో ఆడుతూనే ఉంటుంది.