పసిబిడ్డ చేతిలోని పాత చీరముక్క

ఆదివారం ఆరాధనలో తల్లుల ఒడిలో ఉన్న చిన్నబిడ్డలను గమనించండి. ఒక బిడ్డ చేతిలో అమ్మ పాత చీరముక్క ఉంటుంది. మరొక బిడ్డ చంకలో చెవి ఊడిన కుందేలు బొమ్మ ఉంటుంది. అది లేనిదే నిద్రపోరు, ఉతికితే ఏడుస్తారు. “ఇంత పెద్దవాడివయ్యావు, ఇంకా ఆ మురికిగుడ్డ ఏమిటి?” అని పెద్దలు లాగేస్తుంటారు. అలా లాగేయడం బిడ్డకు మేలు చేస్తుందా?

ఇంగ్లండుకు చెందిన పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ ఈ విషయం మీద 1953లో ఒక వ్యాసం ప్రచురించారు. తాను వేరు, అమ్మ వేరు అన్న సంగతి బిడ్డకు మెల్లమెల్లగా తెలిసి వస్తుందని ఆయన వివరించారు. అమ్మ కనబడని ఆ కాసేపు తట్టుకోవడానికి బిడ్డ ఒక వస్తువును తానే ఎంచుకుంటుంది. దీనిని ఆయన జబ్బుగా కాక, ఎదుగుదలలో ఒక మెట్టుగా చూశారు.

మెత్తని స్పర్శకు ఎంత బలముందో 1958లో అమెరికా శాస్త్రవేత్త హ్యారీ హార్లో చూపించారు. తల్లి నుండి వేరుచేసిన కోతిపిల్లలు, పాలిచ్చే తీగబొమ్మ కంటే గుడ్డ చుట్టిన బొమ్మనే ఎక్కువసేపు కరచుకొని ఉన్నాయి. అయితే అలా పెరిగిన పిల్లలు తర్వాత తోటి కోతులతో సరిగా కలవలేకపోయాయి. కాబట్టి గుడ్డ బిడ్డను ఓదారుస్తుంది గాని, అమ్మ స్థానాన్ని తీసుకోలేదు.

అందరు పిల్లలకూ ఈ అలవాటు ఉండదు. తల్లి పక్కనే పడుకునే చోట్ల ఇది తక్కువని ఇటలీ, కొరియా దేశాల పరిశీలనలలో కనబడింది. అలవాటు ఉన్నంత మాత్రాన తల్లి ప్రేమలో లోటున్నట్టు కాదు, లేనంత మాత్రాన బిడ్డలో లోపమున్నట్టూ కాదు.

తల్లిదండ్రులు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు గుడ్డలు, మెత్తని బొమ్మలు పక్కన ఉంచకండి. ఊపిరాడక ప్రమాదం జరగవచ్చు. చీరముక్క అయితే మొదట్లోనే రెండుగా చింపి, మార్చి మార్చి ఇవ్వండి. ఒకటి ఉతికినా, పోయినా రెండవది ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు, అంగన్‌వాడీలో మొదటి రోజున దానిని వెంట తీసుకెళ్లనివ్వండి. చాలామంది పిల్లలు పెరిగేకొద్దీ తామే వదిలేస్తారు. కానీ బిడ్డ పిలిస్తే పలకక, ఎవరితోనూ ఆడక, ఎప్పుడూ ఆ వస్తువుతోనే ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

సండేస్కూలు టీచర్లకు ఒక మనవి. మొదటిసారి అమ్మను విడిచి మీ దగ్గర కూర్చునే బిడ్డ చేతిలో అలాంటి గుడ్డ కనబడితే తీసి పక్కన పెట్టకండి, తోటి పిల్లల ముందు నవ్వకండి. పాటలో, ఆటలో మనసు పడినప్పుడు ఆ బిడ్డే దానిని కింద పెడుతుంది.