దవడ శస్త్రచికిత్సకు ముందే లోపలి జబ్బు తేలాలి

కింది దవడ ముందుకు పొడుచుకు రావడం, మరీ వెనక్కి ఉండిపోవడం వంటి లోపాలను శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. ముందుగా పళ్లకు క్లిప్పులు వేసి, తర్వాత ఎముకను కోసి, సరైన చోట లోహపు పలకలతో బిగిస్తారు. చేయించుకునేవారిలో అధికులు యువతీయువకులే కావడంతో ఇతర జబ్బులపై దృష్టి పడదు.

ఎదుగుదల ఎప్పుడో ఆగిన వయసులో, ముప్పై నలభై ఏళ్లకు దవడ పెరుగుతుంటే పళ్ల సమస్యగా భావించి ఊరుకోరాదు. ఉంగరం బిగుసుకోవడం, చెప్పుల సైజు మారడం, పళ్ల మధ్య సందులు రావడం కూడా తోడైతే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో కణితి ఉందేమో చూడాలి. అందులోంచి అధికంగా ఊరే పెరుగుదల హార్మోను ఎముకను పెంచుతుంది. ఐజీఎఫ్-1 రక్తపరీక్ష, ఎమ్మారై స్కానింగ్‌లతో ఇది బయటపడుతుంది. కణితిని అదుపు చేయకుండా దవడ కోస్తే వంకర మళ్లీ వచ్చే ప్రమాదముంది. పడిన బాధంతా వృథా. ఇందుకు భిన్నంగా దవడ క్రమేణా వెనక్కి పోతుంటే, చెవి ముందరి కీలును కీళ్లవాతం అరగదీస్తుండవచ్చు.

నిద్రలో గురకపెడుతూ ఊపిరాడక లేచేవారు ఆ సంగతిని మత్తుమందు వైద్యునికి చెప్పి తీరాలి. కింది దవడను వెనక్కి జరిపితే గాలి దారి మరింత ఇరుకు కావచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో పెద్ద చిక్కు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి ఇది ఉంది. ఎముక కోసేటప్పుడు రక్తం పోక తప్పదు. ఆపై కొన్ని వారాలు జావ, మెత్తని ఆహారమే గతి. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని తొందరపెట్టే తల్లిదండ్రులు హిమోగ్లోబిన్ పెంచుకునే వ్యవధిని కూడా లెక్కలో వేసుకోవాలి.