తుపాకి లేని వేట

కార్తీకమాసం వచ్చి తొప్పూరు కనుమలో ఈశాన్య ఋతుపవనపు వాన పట్టిందంటే, పూర్వం మా పెద్దల్లో కొందరు తుపాకులు తుడుచుకొనేవారు. పరజల వేటకు అదే అదను.

ఆ రోజులు పోయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్ళెం వేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడ ముగిసింది. అయినా మేము ప్రయాణం మానలేదు. దుర్భిణి పట్టుకొని తొప్పయ్యారు ఆనకట్టకు పోతున్నాము.

ఏర్పాట్లు మాత్రం వేటగాళ్ళవే. తెల్లవారకముందే చేరాలి, సూర్యుడు వీపు వైపు ఉండాలి. మట్టిరంగు బట్టలు, మారుబట్టలు, చేతికర్ర, పులిహోర మూట. నానిన గట్టు జారుతుంది గనుక ముందు కర్ర, తరువాత కాలు. రైతు నడగనిదే మడిలో దిగరాదు.

కిందటేడు దారిలో ఒకతను కాళ్ళు కట్టిన రెండు పరజలను అమ్మజూపినాడు. మాలో ఒకరు వెల కూడ అడిగినారు. వెంట ఉన్న పిల్లవాడు, "ఇవి ఎక్కడినుంచి వచ్చినవి మామయ్యా?" అన్నాడు. సైబీరియానుంచి, మధ్య ఆసియానుంచి వచ్చే జాతులున్నవని చెప్పినాము. చెప్పినాక కొనడానికి చేయి రాలేదు. కొనడమూ నేరమే గదా! కాని వాటిని విడిపించలేక వచ్చేశాము. ఆ బాధ ఇంకా ఉన్నది.

అందుకే ఈ ఏడు మూటలో అటవీశాఖ వారి టెలిఫోను నంబరు కూడ పెట్టుకొన్నాము.