జిల్లి గూళ్లతో ఆన్‌లైన్ దుకాణం పెట్టారు సరే, కొనేవాళ్లు ఎక్కడినుంచి రావాలి?



ఈమధ్య మన గ్రూపుల్లో చిన్న చిన్న దుకాణాల లింకులు బాగా కనిపిస్తున్నాయి. గూళ్ల మాలలు, గూళ్లు కోసి చేసిన పూలు, ముఖం రుద్దుకోవడానికి కోసిన గూళ్లు, మల్బరీ ఆకు టీ పొడి. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే నడుపుతున్నారు. మంచి పని. అయితే లింకు కింద ఇరవై మంది దండం బొమ్మ పెడతారు, ఒక్కరూ కొనరు. నెల తిరిగేసరికి పెట్టినవాళ్లకే విసుగొచ్చి వదిలేస్తారు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఈ గ్రూపుల్లో ఉన్న అందరి ఇళ్లలోనూ గూళ్లున్నాయి. శిడ్లఘట్ట మార్కెట్లో నిలబడి గూళ్లు కొనండయ్యా అని సాటి రైతునే అడిగినట్టు ఉంటుంది అది. కొనేవాళ్లు వేరే చోట ఉన్నారు. వాళ్లు వేరే మాటతో వెతుకుతున్నారు.

ముందు ఒక లెక్క చూద్దాం. మంచి గూళ్లను ఆన్‌లైన్లో అమ్మమని మేము చెప్పడం లేదు. వాటి చోటు మార్కెట్టే. మనం మాట్లాడేది జంట గూళ్లు, చిల్లు గూళ్లు, పలచని గూళ్లు, అంటే మార్కెట్లో జిల్లి అని పక్కకు తోసేవాటి గురించి. బైవోల్టిన్ గూడు ఒక్కోటి రెండు గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. కిలోకి సుమారు 550 వేసుకోండి. జిల్లికి కిలో 200 రూపాయలొచ్చిందనుకుంటే ఒక్క గూడు నలభై పైసలు కూడా కాదు. అదే గూడు కోసి, లోపలి ప్యూపా తీసి, కడిగి ఎండబెట్టి పొట్లం కడితే దాని విలువ గూటిది కాదు, మీ చేతిపనిది. కాబట్టి ధర వేసేటప్పుడు గూటి ఖరీదు చూసి సిగ్గుపడకండి. కోసిన గంటలు, పొట్లం, పంపే ఖర్చు అన్నీ లెక్కలో వేయండి.

ఇక కొనేవాళ్లు ఎవరో చూద్దాం. పెళ్లి మండపాలు, సభలు అలంకరించేవాళ్లకు మాలలు, పూలు కావాలి. ముఖం రుద్దుకునే గూళ్లు కొనేది ఎక్కువగా పట్నం ఆడపిల్లలు. బొమ్మలు, నగలు చేసే చేతిపనివాళ్లకు తెల్ల గూళ్లూ కావాలి, పచ్చటి సీబీ గూళ్లూ కావాలి. ఇంకొకరిని మనవాళ్లు తరచూ మరిచిపోతారు, స్కూళ్లవాళ్లను. పట్టుపురుగు జీవితచక్రం పిల్లల పాఠాల్లో ఉంది. ఒక ఖాళీ గుడ్ల షీటు ముక్క, ఒక గూడు, ఒక చిల్లు గూడు, ఎండిన ప్యూపా, కాస్త పచ్చి పట్టు దారం ఒక పెట్టెలో అమర్చి ఇస్తే టీచరుకు పని సులువవుతుంది. మనకు చెత్తగా కనిపించేది అక్కడ పాఠం.

వీళ్లలో ఎవరూ "జిల్లి" అని వెతకరు. ఆ మాటే వాళ్లకు తెలీదు. బెంగుళూరు అమ్మాయి ఫోన్లో "సిల్క్ కొకూన్ ఫేస్ స్క్రబ్" అని కొడుతుంది. మండపం వేసే ఆయన "కొకూన్ గార్లాండ్" అంటాడు. కన్నడంలో "రేష్మె గూడు", తమిళంలో "పట్టుక్కూడు", మరాఠీలో "రేశీమ్ కోష్". మీ దుకాణంలో సరుకు పేరు ఆ మాటల్లో, ఆ లిపిలో లేకపోతే ఎంత మంచి ఫోటో పెట్టినా దొరకరు. ఇక్కడ మనకొక బలం ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడమో తమిళమో మరాఠీయో, పిల్లల చదువు ఇంగ్లీషు. మూడు భాషల్లో సరుకు పేరు రాయడానికి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. ఇంట్లో చదువుకునే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటే అరగంట పని.

వెబ్‌సైటు కట్టించడానికి పరుగెత్తకండి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, దాంట్లో కేటలాగు ఉంది. సరుకు ఫోటో, పేరు, ధర, పొట్లంలో ఎన్ని ఉంటాయో రాసిపెట్టవచ్చు. ఫోటో వసారాలో పగటి వెలుతురులో తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. "ధర కోసం మెసేజ్ చేయండి" అని మాత్రం రాయకండి. ధర కనిపించకపోతే చాలామంది అడగను కూడా అడగరు, పక్క దుకాణానికి పోతారు.

ఇంటికొచ్చి చూసి కొనే వీలుంటే గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణాన్ని ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. కేవలం పోస్టులో పంపేవాళ్లకు అది వర్తించదు. వచ్చినవాళ్లను పురుగుల ఇంట్లోకి మాత్రం తీసుకెళ్లకండి. మాల కొనడానికొచ్చినవాళ్ల చెప్పులతో రోగం వచ్చిందంటే ఆ మాల చాలా ఖరీదైనదవుతుంది.

మొదటి పదిమంది ఆన్‌లైన్లో దొరకరు, అది ముందే అనుకోండి. వాళ్లు తెలిసినవాళ్ల ద్వారానే వస్తారు. హోసూరులోనో కోలారులోనో మండపాలు వేసే నలుగురికి ఒక మాల, పది గూళ్లు చేతికివ్వండి. బిడ్డ చదివే స్కూలు టీచరుకు ఒక పెట్టె ఇవ్వండి. ప్రకటనలకు వెయ్యి రూపాయలు పెట్టేకంటే ఆ వెయ్యి నమూనాలకు పెట్టడం మేలని మా అభిప్రాయం. వాళ్లు వాడి తీసిన ఫోటో అడిగి, ఒప్పుకుంటే కేటలాగులో పెట్టండి. మనం తీసిన ఫోటో కంటే దాన్నే జనం నమ్ముతారు.

ఒకసారి కొన్నవాళ్లను పోగొట్టుకోకూడదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్టు లిస్టులో 256 మంది వరకు చేర్చవచ్చు, కానీ మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. చాలామందికి ఇది తెలీక, పంపాము ఎవరూ చూడలేదు అనుకుంటారు. అందుకే ప్రతి పొట్లంలో చిన్న చీటీ వేయండి. దుకాణం పేరు, నంబరు, "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అన్న మాట, గూడు ఎలా వాడాలో రెండు వరుసలు చాలు. నెలకు ఒకటి, మహా అయితే రెండు మెసేజ్‌లు. రోజూ శుభోదయం పంపితే బ్లాక్ చేస్తారు.

పండగల లెక్క మన పంట లెక్కతో కలిపి చూడాలి. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా బొమ్మల కొలువు, పెళ్లి ముహూర్తాలు, ఇవీ మాలలు అమ్ముడయ్యే రోజులు. చాకీ నుంచి గూళ్లు విడిపించేదాకా దాదాపు నెల, ఆపైన కోయడం, ఎండబెట్టడం. శ్రావణంలో అమ్మాలంటే ఆ గూళ్లు ఆషాఢానికే చేతిలో ఉండాలి, ఫోటోలు అప్పుడే పోవాలి.

ఇంకో చిక్కు మనకే ప్రత్యేకం. నాలుగో జ్వరం లేచాక పురుగు ఆబగా తినే వారం పది రోజులు ఫోను చూసే తీరికెక్కడ? ఆర్డరు సరిగ్గా అప్పుడే వస్తుంది. రెండు రోజులు జవాబు రాకపోతే కొనేవాడు మోసమనుకుంటాడు. బిజినెస్ యాప్‌లో తనంతట తానే పోయే జవాబు పెట్టుకోవచ్చు. "పురుగుల మేతలో ఉన్నాము, రాత్రి 8 తర్వాత జవాబిస్తాము, పార్సెళ్లు మంగళ, శుక్రవారాల్లో పంపుతాము" అని రాయండి. నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఇది అసలైన రైతు దుకాణమే అని నమ్మకమూ కలుగుతుంది.

పంపే ఖర్చులో ఒక మెలిక ఉంది. ప్యూపా తీసిన గూటి డొప్ప అర గ్రాము కూడా తూగదు. వంద డొప్పలు 40 గ్రాముల దగ్గర. తేలిక కదా అని పెద్ద అట్టపెట్టెలో పెడితే చాలా కొరియర్లు బరువు చూడవు, పెట్టె చోటు చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టె అంటే 1.8 కిలోల ఛార్జీ, లోపల 40 గ్రాములే ఉన్నా సరే. కోసిన సగాలను ఒకదానిలో ఒకటి దూర్చి చిన్న పెట్టెలో సర్దండి.

సరుకులో తేడా వస్తే మాత్రం పైన చెప్పినవేవీ పనిచేయవు. ప్యూపా సరిగా ఎండకపోతే కంపు కొడుతుంది, పురుగు పడుతుంది. చంపని గూడు పంపితే దారిలోనే సీతాకోక బయటికొస్తుంది. ముఖానికి వాడే గూళ్లపై బెడ్ మందు, సున్నం అంటి ఉండకూడదు. పైనూలు తీసి, వేడి నీటిలో కడిగి, బాగా ఎండాకే పొట్లం కట్టండి. మరక గూళ్లు ఈ పనికి వద్దు.

రాతల విషయంలో జాగ్రత్త. మల్బరీ టీతో షుగర్ తగ్గుతుంది అని స్టేటస్ పెట్టడం చూస్తున్నాం. అలాంటి ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధిస్తుంది, షుగర్ వ్యాధి పేరు దాని జాబితాలోనే ఉంది. టీ పొడి తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించి, 14 అంకెల నంబరు పొట్లంపై వేయాలి. మందు కొట్టిన తోట ఆకు దానికి వాడకూడదు. సిల్క్ మార్క్ గుర్తు అనుమతి పొందినవాళ్లకే, అందంగా ఉంది కదా అని ఫోటో మీద అతికించకండి. రాష్ట్రం దాటి సరుకు పంపితే జీఎస్టీ నియమాలు వేరు. చేతిపనులకు కొన్ని మినహాయింపులున్నాయి, మీ సరుకు వాటిలోకి వస్తుందో లేదో ఆడిటర్ని అడిగి తెలుసుకోండి. హోసూరు నుంచి బెంగుళూరుకు గంట దారే అయినా అది వేరే రాష్ట్రం.

చివరగా, పెద్ద ఆర్డరు వచ్చిందని పొంగిపోయే ముందు ఒక మాట. "ఐదు వందల మాలలు కావాలి, అడ్వాన్సు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.