కోసిన పువ్వు వయసెంత?

పూల కొట్టు బుట్టలో ఉన్న మల్లెమొగ్గ ఇంకా బతికే ఉంటుంది. మొక్క నుంచి విడిపోయినా గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ, తనలో దాచుకున్న చక్కెరను ఖర్చు చేసుకుంటూ, క్షణక్షణానికీ తేమ పోగొట్టుకుంటూ ఉంటుంది. ఆ నిల్వ ఉన్నంతసేపే దాని ఆయుష్షు. అందుకే పూలు కొనేవాళ్లు ధరకన్నా ముందు కోసిన వేళ తెలుసుకోవాలి.

మల్లె విషయంలో ఇది గంటల లెక్క. రైతులు తెల్లవారుజామున, ఆ సాయంత్రం విచ్చుకోబోయే ముదురు మొగ్గలను ఏరి కోస్తారు. కోశాక కూడా మొగ్గ తన వేళ మరచిపోదు. పొద్దుగూకేసరికి విచ్చుకుంటుంది, అప్పుడే పరిమళం వెదజల్లుతుంది. మల్లె వాసనకు ముఖ్య కారణాలైన లినలూల్, బెంజైల్ ఎసిటేట్ వంటి పదార్థాలు మొగ్గలో సిద్ధంగా నిండి ఉండవు. లినలూల్‌లో కొంత భాగం చక్కెర అణువుతో ముడిపడి, వాసన లేని రూపంలో ఉంటుంది. మొగ్గ విచ్చే సమయంలో ఎంజైములు ఆ ముడి విప్పుతాయి. చైనాలో మల్లె తేయాకు తయారుచేసేవాళ్లు వాడుకునేదీ ఈ గుణాన్నే: పగలు కోసిన మొగ్గలను రాత్రి విచ్చుకునే వేళకు తేయాకుతో కలిపి ఉంచుతారు.

కాబట్టి ఉదయం బజారులో ఘుమఘుమలాడే మల్లెల మీద మనసు పారేసుకోనవసరం లేదు. పొద్దున్నే విచ్చుకుని వాసన కొడుతున్నాయంటే అవి చాలావరకు నిన్నటివే. గట్టిగా, బొద్దుగా, తెల్లగా, మూసుకుని ఉన్న మొగ్గ మంచిది. సన్నగా ఆకుపచ్చ ఛాయతో ఉన్నది లేతది, సాయంత్రానికి సరిగా విచ్చదు. రేకుల అంచు గోధుమ రంగుకు తిరిగితే దాని పని అయిపోయింది.

పువ్వుకు పెద్ద శత్రువు వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే పువ్వు శ్వాస వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది, నిల్వ చక్కెర అంత త్వరగా కరిగిపోతుంది. పైగా శ్వాసలోంచే వేడి పుడుతుంది. బస్తాలో కుక్కిన బంతిపూల మధ్యకు చెయ్యి పోనిస్తే వెచ్చగా తగలడానికి కారణం అదే. అలా వెచ్చబడిన బస్తాలోని పూలు పైకి ఎంత కళగా కనిపించినా మర్నాటికి నల్లబడతాయి. మంచి వ్యాపారి బస్తా రాగానే పూలను నీడలో పలచగా ఆరబోస్తాడు. కొట్టు ముందు నిలబడి ఈ ఒక్క పని గమనిస్తే చాలు, అతని పూల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలిసిపోతుంది.

నీళ్లు చల్లడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బుట్ట మీద తడిగుడ్డ కప్పడం సరైన పద్ధతి, చుట్టూ తేమ ఉంటే పువ్వు నుంచి నీరు తక్కువ ఆవిరవుతుంది. విడిపూల కుప్ప లోపల నీళ్లు పోయడం మాత్రం తప్పు. కొనేవాళ్లు నీటిని కూడా కిలోల లెక్కన కొన్నట్టవుతుంది. రేకుల మధ్య నిలిచిన తడిలో బూజు పట్టి గులాబీ, చామంతి రేకుల మీద మచ్చలు మొదలవుతాయి. కాటాలో వేసేముందు ఒక గుప్పెడు పూలు తీసి దులిపితే సంగతి బయటపడుతుంది. దండ కొంటున్నప్పుడు మూర పొడవు ఒక్కటే చూడకూడదు. మూర చెయ్యిని బట్టి మారుతుంది, కట్టు ఒత్తుగా ఉందో పలచగా ఉందో చూడాలి.

కాడతో కొనే గులాబీల కథ వేరు. కాడలో సన్నని గొట్టాల ద్వారా నీరు పువ్వుకు ఎక్కుతుంది. కోసినచోట గాలి బుడగ చేరినా, కుండీ నీటిలో బ్యాక్టీరియా పెరిగి గొట్టాన్ని మూసేసినా పువ్వుకు దాహం తీరదు. కాడ నీళ్లలోనే ఉన్నా మొగ్గ మెడ వాల్చేస్తుంది. ఇంటికి తెచ్చాక కాడ చివర రెండు అంగుళాలు పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, నీళ్లు రోజూ మార్చాలి. ఉత్త చక్కెర కలిపితే పువ్వుకన్నా ముందు బ్యాక్టీరియాకే విందు. కొనేటప్పుడు మొగ్గను అడుగున వేళ్లతో మెల్లగా నొక్కి చూడాలి. మెత్తగా ఉంటే పాతది.

కనిపించని శత్రువు ఇంకొకటి ఉంది, ఇథిలీన్ వాయువు. దీపాల గ్యాసులోని ఇథిలీన్ వల్లే బఠాణీ మొలకలు వంకర తిరుగుతున్నాయని 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్ తేల్చాడు. పండుతున్న అరటి, మామిడి ఈ వాయువును వదులుతాయి, పొగలోనూ ఇది ఉంటుంది. కార్నేషన్లు, ఆర్కిడ్లు దీనికి త్వరగా వాడిపోతాయి. చామంతి మాత్రం పెద్దగా చలించదు. పెళ్లి మండపానికి తెచ్చిన ఆర్కిడ్లను అరటి గెలల పక్కన పెట్టకూడదన్నది ఇందుకే.

చామంతికి ఇంకో గుణం ఉంది. రాత్రులు పొడవైతేనే అది మొగ్గ తొడుగుతుంది. పగలు రాత్రుల నిడివికి మొక్కలు ఇలా స్పందిస్తాయని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో ప్రకటించారు. మన దగ్గర కార్తికం నుంచి సంక్రాంతి దాకా చామంతి విరివిగా, చౌకగా దొరకడం దాని సహజ స్వభావమే. వేసవిలో మల్లె, చలికాలంలో చామంతి అని కాలాన్ని బట్టి కొంటే తాజా సరుకు దక్కుతుంది, డబ్బూ మిగులుతుంది. బజారులో నీలం చామంతి కనబడితే మాత్రం అది చాలావరకు రంగు వేసినదే. జపాన్ శాస్త్రవేత్తలు 2017లో జన్యుమార్పిడితో నీలం చామంతిని పుట్టించే దాకా అటువంటి పువ్వే లేదు.

హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు, గోదావరి తీరాన కడియపులంకకు చుట్టుపక్కల పల్లెల నుంచి పూలు వస్తాయి. అక్కడినుంచి వీధి చివరి కొట్టుకు చేరే లోపు పువ్వు ఎన్ని చేతులు మారిందో, ఎన్ని గంటలు ఎండలో ఉందో చెప్పగలిగినది ఆ కొట్టు మనిషే. ఏ ఊరి సరుకు, ఎప్పుడు వచ్చింది అని అడిగితే తడుముకోకుండా చెప్పే వ్యాపారిని, “అమ్మా, ఇవి నిన్నటివి, దండకు పనికొస్తాయి గానీ రేపటి పూజకు వద్దు” అనగల వ్యాపారిని వదులుకోకూడదు. శుభకార్యం ఉంటే అటువంటి మనిషికి నాలుగు రోజుల ముందే చెప్పి, పువ్వు ఏ పూటకు విచ్చుకోవాలో కూడా చెప్పండి. ఏ మొగ్గ ఎప్పుడు కోయించాలో ఆ లెక్క చూసుకోవడం వాళ్లకు తెలుసు.